తుపాకి చట్టం గట్టిగా ఉంటే హింస తగ్గుతుందా? కామారెడ్డి గెట్టు నుంచి కాన్సస్ బార్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ప్రశ్న ఒక్కటే. తుపాకి చట్టాలు కఠినంగా ఉంటే హింస తగ్గుతుందా, లేదా?

"అది అమెరికా వాళ్ళ లొల్లి, కామారెడ్డిల కూసొని మనకెందుకు" అనుకోకండి. మా దిక్కు ఊళ్ళల్లో మొన్నటిదాకా ఇంటికొకరు గల్ఫ్ పోయేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు ఎంఎస్ అని అమెరికా పోతున్నారు. కొడుకుని దుబాయ్ పంపిన తల్లికి ఏజెంటు భయం, అప్పు భయం, ఎండ భయం ఉంటాయి. అమెరికా పంపిన తల్లికి తుపాకి భయం కూడా ఉంది. ఆ భయం ఊరికే రాలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేతాలో మన హైదరాబాద్ ఇంజనీర్ శ్రీనివాస్ కూచిభొట్లని ఒక బార్‌లో కాల్చి చంపారు. 2018 జూలైలో కాన్సస్ సిటీలో వరంగల్ విద్యార్థి ఒకరు. 2023 మేలో టెక్సస్‌లోని అలెన్ మాల్ కాల్పుల్లో 8 మంది చనిపోతే, అందులో మన ఇంజనీర్ అమ్మాయి ఒకరు.

సరే, ముందు ప్రశ్నని రెండు ముక్కలు చేద్దాం. గొడవలు తగ్గడం వేరు, చావులు తగ్గడం వేరు.

మనకి తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. ఎల్లారెడ్డి దగ్గర ఏదో ఊళ్ళో అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాయితీ వచ్చింది అనుకోండి. మాటా మాటా పెరిగింది. చేతిలో ఏముంటది? కట్టె, పార, మహా అయితే గొడ్డలి. తల పగులుతుంది, సర్కారు దవాఖానలో కుట్లు పడతాయి, పోలీస్ స్టేషన్‌లో కేసు అవుతుంది. చాలాసార్లు చివరికి పెద్దమనుషుల ముందో, లోక్ అదాలత్‌లోనో రాజీ కుదురుతుంది. ఇప్పుడు అదే కోపం, అదే మనిషి, కానీ ఇంట్లో పిస్టల్ ఉంది అనుకోండి. రాజీకి మనిషి మిగలడు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ అనే పరిశోధకుడు షికాగో పోలీసు రికార్డులు తిరగేసి 1968లోనే చెప్పాడు. కత్తి దాడుల కంటే తుపాకి దాడుల్లో మనిషి చనిపోయే అవకాశం దాదాపు 5 రెట్లు ఎక్కువ అని. ఓలేతాలో జరిగింది గుర్తు చేసుకోండి. గొడవ చేసినవాడిని బార్ నుంచి బయటికి పంపించారు. వాడు వెళ్ళి తుపాకితో తిరిగొచ్చాడు. అమెరికాలో జనం 33 కోట్లు, జనం చేతుల్లో తుపాకులు దాదాపు 39 కోట్లు. 2021లో అక్కడ జరిగిన ప్రతి 5 హత్యల్లో దాదాపు 4 తుపాకితోనే.

ఇక మన దేశం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి కావాలంటే దరఖాస్తు, పోలీసు విచారణ, లైసెన్సు ఉండాలి. 2019 సవరణతో ఒక మనిషికి 3 తుపాకుల పరిమితిని 2కి దించారు. పెళ్ళిళ్ళల్లో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెచ్చినా 2 ఏళ్ళ దాకా జైలు. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పమంటారు, మీరు చూసే ఉంటారు. వేడి ఎక్కువున్న రోజుల్లో తుపాకి చేతికి దూరంగా ఉండాలి అన్నది దాని లెక్క. 2022లో మన దేశంలో లక్ష మందికి హత్యలు 2.1. అమెరికాలో దాదాపు 6.

అయితే చట్టం రాస్తే అయిపోయిందా? కాలేదు. 2016 చివరికి దేశంలో లైసెన్సులు సుమారు 33 లక్షలు. కానీ జనం దగ్గర ఉన్న తుపాకులు 7 కోట్లని ఒక అంతర్జాతీయ సర్వే అంచనా. అంటే ఎక్కువ శాతం లెక్కలో లేనివే. బీహార్‌లోని ముంగేర్ తయారీ తపంచాకి లైసెన్సుతో పనేముంది? రాయలసీమ ఫ్యాక్షన్‌లో తుపాకి అందనిచోట నాటు బాంబులు, వేట కొడవళ్ళు ఆ పని చేశాయి. లైసెన్సు ఉన్నది భద్రం అనుకోవడానికీ లేదు. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్ తాటిగూడలో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవలో లైసెన్సు రివాల్వర్ పేలింది. ఒకరు చనిపోయారు, కాల్చినాయనకి జీవిత ఖైదు పడింది.

మరి ఎక్కడ పని చేసింది? అమెరికాలోనే మిస్సోరీ రాష్ట్రం చూడండి. చేతి తుపాకి కొనాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలన్న చట్టాన్ని 2007లో ఎత్తేశారు. ఆ తర్వాత తుపాకి హత్యలు పెరిగాయి, తుపాకి లేని హత్యలు అలా పెరగలేదు అని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు తేల్చారు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మందిని చంపాక, ప్రభుత్వం డబ్బులిచ్చి దాదాపు 6.5 లక్షల తుపాకులు వెనక్కి తీసుకుంది. తుపాకి ఆత్మహత్యల తగ్గుదల వేగం అందుకుంది. హత్యలు అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి కాబట్టి, అందులో చట్టం వాటా ఎంత అన్న వాదన నడుస్తూనే ఉంది. బ్రెజిల్‌లో ఇంకో తమాషా. 2019 తర్వాత నియమాలు సడలించారు, తుపాకులు పెరిగాయి, అయినా హత్యలు పెరగలేదు, తగ్గాయి. గ్యాంగుల లెక్కలు, పోలీసింగ్ లాంటివి కూడా హత్యల్ని కదిలిస్తాయి. ఒక్క గ్రాఫ్ చూపించి తీర్పు చెప్పేవాళ్ళని నమ్మకండి, ఏ పక్షం వాళ్ళనైనా.

ఆత్మహత్య మాట వచ్చింది కాబట్టి మనకి దగ్గరి సంగతి ఒకటి. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుల మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించారు. ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. కష్టాలు పోలేదు, కోపం పోలేదు. ఆ ఒక్క నిమిషంలో చేతికందే మందు పోయింది. తుపాకి లెక్క కూడా అంతే.

"మరి మన రక్షణకి తుపాకి ఉండొద్దా?" అంటారు. నక్సల్స్ కాలం చూసిన మా పెద్దోళ్ళని అడగండి. దొరలు రక్షణకని పెట్టుకున్న లైసెన్సు తుపాకుల కోసమే దళాలు గడీల మీదికి వచ్చేవి. తుపాకి ఆ ఇంటిని కాపాడలేదు, గురి చేసింది.

కాబట్టి నా జవాబు ఇది. శిక్ష 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకి పెంచినంత మాత్రాన హింస తగ్గదు. కోపంలో ఉన్న మనిషికీ తుపాకికీ మధ్య దూరం పెంచే చట్టం మాత్రం ప్రాణాలు కాపాడుతుంది. కొనేముందు విచారణ, ఇంట్లో తాళం, దొంగ తయారీ మీద దాడులు, ఇవే ఆ దూరం.

పిల్లల్ని అమెరికా పంపే తల్లిదండ్రులకి ఒక్క మాట. యూనివర్సిటీ ర్యాంకు, ఫీజు చూస్తున్నారు కదా, ఆ రాష్ట్రం తుపాకి చట్టం కూడా చూడండి. మసాచుసెట్స్ వేరు, టెక్సస్ వేరు. టెక్సస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే చేతి తుపాకి వెంట పెట్టుకోవచ్చు. ఇది గ్యారంటీ కాదు, కానీ తెలుసుకుని పంపడం మన చేతిలో ఉంది. అలాగే మీ ఊళ్ళో అడవి పందుల కోసమని ఎవరింట్లోనైనా నాటు తుపాకి దాచి ఉంటే, రేపటి గెట్టు పంచాయితీకి ముందే దాన్ని పోలీసులకి అప్పజెప్పమని చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.