బోరు మోటరుకు సెల్‌ఫోన్ డబ్బా: కొనే ముందు చూసుకోవాల్సినవి

మల్లాపూర్ మండలంలో బావులు, బోర్ల కింద వరి, పసుపు, మక్క వేసే రైతుకు మోటరు కాడికి పోయి రావడమే ఒక పని. రాత్రి గట్ల మీద నడిస్తే పాము భయం. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుంటే షాక్ భయం. ఈ తిప్పలు తగ్గించడానికి వచ్చినవే సెల్‌ఫోన్ స్టార్టర్లు.

ఎట్లా పని చేస్తుంది?

స్టార్టర్ పక్కన బిగించే డబ్బాలో సిమ్ కార్డు ఉంటుంది. ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటరు నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. వస్తువులను ఇట్లా నెట్‌వర్క్‌తో కలపడాన్ని ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అంటారు. చూడడం, నిర్ణయించడం, చేయడం అనే మూడు పనులూ యంత్రమే చేస్తే అది సైబర్ ఫిజికల్ సిస్టం. యూరప్ దేశాలు ఇందులో ముందున్నాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం 2018లో ఒక పోటీ పెట్టింది. గాజు ఇళ్లలో కీరదోసకు నీరు, వేడి, వెలుతురు ఎంత ఇవ్వాలో దూరం నుంచే కంప్యూటర్లతో నడిపించారు.

మామూలు సెల్‌ఫోన్ డబ్బా చెప్పింది చేస్తుంది, అంతే. మడిలో నీళ్లున్నదీ లేనిదీ దానికి తెలియదు. చూసే పని రైతుదే.

పైపుతో చూడండి

వరి మడిలో నీళ్లు చూడటానికి యంత్రం కొననక్కర లేదు. అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు గానీ, వెదురు బొంగు గానీ చాలు. కింది 20 సెంటీమీటర్లకు చుట్టూ రంధ్రాలు చేసి, అంతవరకు నేలలో దించి, లోపలి మట్టి తీసేయాలి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మోటరు వేసుకోవాలి. మడిలో 5 సెంటీమీటర్లు నిలిచాక ఆపాలి. నాటిన తర్వాత రెండు వారాలు, పూత సమయంలో మాత్రం మడి ఆరనివ్వరాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది.

కొనేటప్పుడు అడగండి

- ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గినా మోటరును తానే ఆపుతుందా? ఇది లేకుంటే మోటరు కాలిపోవచ్చు.
- మోటరు నడిచిందీ లేనిదీ తిరిగి ఫోన్‌కు తెలుపుతుందా?
- మనం ఇచ్చిన నంబర్లకే పలుకుతుందా?
- బోరు కాడ ఆ సిమ్‌కు సిగ్నల్ ఉందా?

జాగ్రత్తలు

కరెంటు రాగానే దానంతటదే నడిచేలా పెట్టుకోవద్దు. మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడుతుంది, నీళ్లు వృథాగా పోతాయి. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైన సందర్భంలో ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది కూడా ఇందుకే.

ముఖ్యమైనది మరొకటి. ఇంట్లో ఫోన్ నొక్కే మనిషికి మోటరు కాడ ఎవరున్నారో కనిపించదు. రిపేరుకు దిగితే మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకోవాలి. ఎర్తింగ్ తప్పనిసరి.

పైపు పద్ధతిపై సందేహాలుంటే మండల వ్యవసాయ అధికారిని గానీ, పొలాస పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను గానీ అడిగి తెలుసుకోవచ్చు.