తెలుగువారి చరిత్ర - మూలాధారాల విమర్శ

ఒక జాతి చరిత్రను ఆ కాలంనాటి శాసనాలు, నాణేలు, పత్రాలు, ప్రత్యక్షసాక్షుల రచనలు మొదలైన వాటినుండి నేరుగా, వాటిని ప్రశ్నిస్తూ, ఒకదానితో మరొకటి పోల్చి చూస్తూ తెలుసుకొనే పద్ధతిని మూలాధారాల విమర్శ అంటారు. మూలాధారాలనే ప్రాథమిక ఆధారాలు అని కూడా వ్యవహరిస్తారు. ఈ పద్ధతివలన తెలుగువారి చరిత్రలో కొన్ని పాత అభిప్రాయాలు తొలగిపోయాయి, కొన్ని బలపడ్డాయి, మరికొన్ని నేటికీ తేలలేదు. ఇటువంటి ఆధారాలు హైదరాబాదు తూర్పుభాగాన ఉన్న ఏ.ఎస్.రావు నగర్, ఉప్పల్, నాచారం ప్రాంతాలకు సమీపంలోనే కొన్ని ఉన్నాయి. కీసరగుట్ట, చైతన్యపురి శాసనాలు, తార్నాకలోని రాష్ట్ర పత్రాగారం వీటిలో ముఖ్యమైనవి.

మూలాధారాలలో రకాలు

తెలుగువారి చరిత్రకు ఉపయోగపడే మూలాధారాలను స్థూలంగా ఈ క్రింది విధంగా విభజించవచ్చు.

* శాసనాలు: రాతిమీద చెక్కినవి, రాగిరేకులమీద చెక్కినవి. ఎక్కువభాగం దానశాసనాలు.
* నాణేలు, కట్టడాలు, త్రవ్వకాలలో లభించిన వస్తువులు.
* విదేశీ యాత్రికుల రచనలు, ఇతర రాజ్యాల ఆస్థాన చరిత్రకారుల గ్రంథాలు.
* కైఫీయతులు: గ్రామ కరణాల కవిలెలనుండి, స్థానికులు చెప్పిన విషయాలనుండి వ్రాసుకొన్న గ్రామచరిత్రలు.
* ప్రభుత్వ పత్రాలు: ఫర్మానాలు, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, విచారణ నివేదికలు.
* ఆత్మకథలు, స్వీయానుభవాలు, వార్తాపత్రికలు.

సంఘటన జరిగిన చాలాకాలం తరువాత వాటి ఆధారంగా వ్రాసిన గ్రంథాలను ద్వితీయ ఆధారాలు అంటారు. పాఠ్యపుస్తకం ద్వితీయ ఆధారమే. అయితే ఒకే గ్రంథం ఒక ప్రశ్నకు ద్వితీయ ఆధారం, మరొక ప్రశ్నకు ప్రాథమిక ఆధారం కావచ్చు. 16వ శతాబ్దంలో కాకతీయులను గురించి వ్రాసిన పుస్తకం కాకతీయులకు సమకాలిక సాక్ష్యం కాదు. కాని 16వ శతాబ్దపు ప్రజలు కాకతీయులను ఎలా తలచుకొన్నారో తెలుసుకోవడానికి అదే మొదటి ఆధారం.

విమర్శ పద్ధతి

మూలాధారాన్ని రెండు దశలలో పరిశీలిస్తారు. మొదటిది బాహ్యవిమర్శ. ఆ పత్రం లేదా శాసనం అసలైనదా, కూటసృష్టియా, ఏ కాలానిది, మూలప్రతియా, నకలా అన్నవి ఇందులో తేల్చవలసిన విషయాలు. లిపి రూపం, భాష, తిథివారాలు, శకవర్షం ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో చూస్తారు. పూర్వం పొలంమీద హక్కు నిరూపించుకోవడానికి పాతరాజుల పేరిట దొంగశాసనాలు పుట్టించినవారూ ఉన్నారు గనుక ఈ పరీక్ష అవసరం.

రెండవది అంతర్విమర్శ. వ్రాసినది ఎవరు, ఎవరికోసం వ్రాసారు, సంఘటనను స్వయంగా చూసారా, విన్నారా, చెప్పిన విషయం నిజమని నమ్మించడంవలన వారికి లాభం ఉందా అన్నవి ఇందులోని ప్రశ్నలు. రాజప్రశస్తిలో కవి తన రాజును సమస్త శత్రువులను జయించినవానిగా వర్ణిస్తాడు. దానిని యథాతథంగా స్వీకరించలేము. అదే శాసనం చివరిభాగంలో దానమిచ్చిన పొలం ఎల్లలు, కొలతలు, సాక్షుల పేర్లు ఉంటాయి. వాటిని ఊరివారందరూ ఎరుగుదురు కాబట్టి అక్కడ అతిశయోక్తికి చోటు తక్కువ. అంటే ఒకే ఆధారంలో ఒక భాగానికి విలువ ఎక్కువ, మరొక భాగానికి తక్కువ ఉండవచ్చు.

తెలుగునాట ఆధారాల సేకరణ

కంపెనీ కొలువులో ఉండి 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ దక్షిణభారతంలో శాసన ప్రతులను, కైఫీయతులను పెద్ద ఎత్తున సేకరింపజేసాడు. ఈ కృషిలో ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, కావలి వెంకట లక్ష్మయ్య సోదరులు అతనికి కుడిభుజంగా నిలిచారు. 1821లో మెకంజీ మరణించాక సి.పి.బ్రౌన్ తెలుగు కైఫీయతులకు ప్రతులు వ్రాయించాడు.

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్ర గ్రంథాల ప్రచురణకు పూనుకొంది. దీని సంపాదకుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు శాసనాల ఆధారంగానే చరిత్ర వ్రాయాలని పట్టుబట్టిన తొలి తెలుగు పరిశోధకులలో ఒకడు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తుశాఖను నెలకొల్పింది. 1923లో లక్ష్మణరావు మరణానంతరం ఆయన పేరిట హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి వెలసింది. ఈ మండలి 1935లో "తెలంగాణా శాసనములు" మొదటి సంపుటాన్ని ప్రకటించింది.

ఉదాహరణలు

విష్ణుకుండినుల కాలం

ఏ.ఎస్.రావు నగర్‌కు ఈశాన్యంగా ఉన్న కీసరగుట్ట నేడు రామలింగేశ్వరాలయానికి ప్రసిద్ధి. కేసరిగిరి అన్న మాటే కీసర అయిందని స్థలపురాణం. గుట్టమీద జరిపిన త్రవ్వకాలలో విష్ణుకుండినుల కాలానివిగా భావిస్తున్న కోటగోడలు, ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. అక్కడి బండమీద "తొలుచువాండ్రు" అన్న చిన్న శాసనం ఉంది. రాతిని తొలిచే పనివారు అని దీని అర్థం. తెలుగు మాట కనిపించే మిక్కిలి పురాతన శాసనాలలో ఇది ఒకటిగా పరిగణింపబడుతున్నది. ఇందులో రాజు పేరు లేదు, తేదీ లేదు. లిపిని బట్టి మాత్రమే కాలాన్ని నిర్ణయించవలసి ఉంది.

ఉప్పల్‌కు దక్షిణంగా మూసీ తీరాన చైతన్యపురిలో నరసింహస్వామి ఆలయం వద్ద బండమీద బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో ఒక శాసనం ఉంది. ఇందులో గోవిందరాజ విహారం ప్రస్తావన వస్తుంది. దీనినిబట్టి ఇక్కడ ఒకప్పుడు బౌద్ధ విహారం ఉండేదని తెలుస్తున్నది. ఈ గోవిందరాజు విష్ణుకుండిన గోవిందవర్మయేనని చరిత్రకారుల అభిప్రాయం. శాసనంలో వంశం పేరు లేనందున ఇది పోలికమీద ఆధారపడిన నిర్ణయం. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని తుమ్మలగూడెంలో దొరికిన తామ్రశాసనం గోవిందవర్మ బౌద్ధ విహారానికి గ్రామాలను దానం చేసిన విషయాన్ని చెప్పడం ఈ పోలికకు బలం.

తుమ్మలగూడెంలోనే లభించిన మరొక తామ్రశాసనం రెండవ విక్రమేంద్రవర్మది. ఇందులో శకవర్షం 488, అనగా క్రీ.శ.566, స్పష్టంగా ఉంది. అంతకుముందు పొలమూరు శాసనంలో చెప్పిన చంద్రగ్రహణం ఏ సంవత్సరంలో వచ్చి ఉంటుందో లెక్కగట్టి, మాధవవర్మను కొందరు 6వ శతాబ్దం చివరన, కొందరు 7వ శతాబ్దంలో ఉంచారు. గ్రహణాలు తరచుగా వస్తాయి కాబట్టి ఆ లెక్క ఒక్కటే చాలదు. మాధవవర్మకు తరువాతి తరాలవాడైన విక్రమేంద్రవర్మ 566లోనే పాలిస్తున్నట్లు తేలడంతో ఆ వంశక్రమం మొత్తాన్ని వెనుకకు జరుపవలసి వచ్చింది.

రుద్రమదేవి

వెనిస్ యాత్రికుడు మార్కో పోలో తీరాంధ్రాన్ని ముత్ఫిలి (మోటుపల్లి) రాజ్యం అనే పేరుతో వర్ణిస్తూ, దానిని చనిపోయిన రాజుగారి భార్య న్యాయంగా పాలిస్తున్నదని వ్రాసాడు. కాని 1261 నాటి మల్కాపురం శాసనం రుద్రమదేవిని గణపతిదేవుని కుమార్తెగా పేర్కొంటున్నది. ఆమె పాలనలోనే, ఆమె ఇచ్చిన దానాన్ని గురించి వేయించిన శాసనం కనుక ఈ విషయంలో దీనిదే పైచేయి. అంతమాత్రాన మార్కో పోలో రచన పనికిరానిది కాదు. స్త్రీ పాలన, అక్కడి సన్నని నూలుబట్టలు, వజ్రాలు గురించి అతడు చెప్పినవాటికి విలువ ఉంది. రేవుపట్టణపు వ్యాపారులకు బాగా తెలిసినవి అవే. రాజకుటుంబంలోని బంధుత్వాలు వారికి అంతగా తెలియకపోవడం సహజం.

రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందని పూర్వం భావించేవారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం ఈ అభిప్రాయాన్ని మార్చింది. శివలోకప్రాప్తి పొందిన రుద్రమదేవికీ, మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి భూమి దానం చేసినట్లు ఇందులో ఉంది. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధంలో రాణీ, సేనానీ ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు భావిస్తున్నారు. శాసనం చెప్పేది వారి మరణాన్ని మాత్రమే. యుద్ధం, శత్రువు పేరు ఊహ. ఈ ఊహకు తగిన కారణాలున్నా, శాసనవాక్యాన్నీ ఊహనూ విడదీసి చూపడం చరిత్ర రచనలో ముఖ్య నియమం.

ప్రతాపరుద్రుని మరణం

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకొని ప్రతాపరుద్రుని బందీగా తీసుకొనిపోయిన తరువాత ఏమి జరిగిందనే విషయంలో నాలుగు కథనాలున్నాయి.

* ఢిల్లీ చరిత్రకారుడు షంస్-ఇ-సిరాజ్ అఫీఫ్: దారిలో మరణించాడు.
* ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం: సోమోద్భవ, అనగా నర్మదానది, తీరాన మరణించాడు.
* 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం: తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్ళాడు.
* ప్రతాపరుద్ర చరిత్రము: విడుదలై, కాశీయాత్ర చేసి తిరిగి వచ్చాడు.

మొదటి రెండు పరస్పరం శత్రుపక్షాలకు చెందినవి. ఒకరినిచూసి ఒకరు వ్రాసే అవకాశం లేదు. అయినా దారిలో మరణం అన్న విషయంలో ఏకీభవిస్తున్నాయి. విలస శాసనం సంఘటనకు కొద్ది సంవత్సరాల దూరంలోనే వెలువడింది. ఈ కారణాలచేత నర్మదాతీర మరణాన్ని చరిత్రకారులు అంగీకరించారు. కలువచేరు శాసనాన్ని ఆధారం చేసుకొని ఆత్మహత్య అని కొందరు భావించినా, నూరేళ్ళ తరువాత చెక్కిన ఆ మాట గౌరవసూచకమూ కావచ్చు. నాలుగవది ఓటమిని అంగీకరించలేని తరువాతి తరాలవారి మనసును తెలిపే కథ.

భాగ్యనగరం పేరు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన నగరానికి భాగమతి పేరుమీద భాగ్‌నగర్ అని పేరు వచ్చిందన్నది ప్రసిద్ధ కథ. అక్బరు పంపగా దక్కనుకు వచ్చిన ఫైజీ, బిజాపూరు ఆస్థానంలో గ్రంథం వ్రాసిన ఫెరిస్తా దీనిని పేర్కొన్నారు. ఇద్దరూ సమకాలికులే. కాని ఇద్దరూ గోల్కొండ బయటివారు, పోటీ ఆస్థానాలకు చెందినవారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆమె పేరు "నగర్" అనీ, బాగ్‌నగర్ అంటే నగర్ తోట అనీ వ్రాసాడు. వినికిడి కథ ఎలా రూపం మార్చుకొంటుందో దీనివలన తెలుస్తుంది.

భాగమతి కల్పన అని చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వాణీ వాదించాడు. కుతుబ్‌షాహీల శాసనాలలో, నాణేలలో ఆమె పేరు లేదనీ, ఆ వంశపు సమాధులలో ఆమె సమాధి కనబడదనీ అతని వాదం. ఇది మౌనాన్ని ఆధారం చేసుకొన్న వాదం. ఒక విషయాన్ని పత్రాలు చెప్పకపోవడం అది జరగలేదనడానికి ఎల్లప్పుడూ రుజువు కాదు. ఆస్థాన రచయితలు కావాలని దాటవేసి ఉండవచ్చు. కాబట్టి ఈ ప్రశ్న తేలలేదనే చెప్పాలి.

1948 సంఘటనలు

దగ్గరి కాలానికి సంబంధించిన ఆధారాలు ఎక్కువగా ఉంటాయి, కాని వాటిని చదవడం సులభం కాదు. 1948 సెప్టెంబరు 13-17 తేదీలలో జరిగిన సైనికచర్యను భారత ప్రభుత్వం పోలీసు చర్య అన్నది. ఆ రోజును విమోచన, విలీనం, విద్రోహం అని వేర్వేరు వర్గాలు వేర్వేరుగా పిలుస్తాయి. 2022లో కేంద్రప్రభుత్వం విమోచన దినంగా, రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రప్రభుత్వం దానినే ప్రజాపాలన దినోత్సవం అన్నది. పేరులోనే తీర్పు ఇమిడి ఉంది.

ఈ సంఘటనలలో పాల్గొన్నవారే పుస్తకాలు వ్రాసారు. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం.మున్షీ, రాష్ట్రాల శాఖ కార్యదర్శి వి.పి.మేనన్, నిజాం ప్రధాని లాయఖ్ అలీ, తెలంగాణ సాయుధపోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి వీరిలో ముఖ్యులు. ప్రతి ఒక్కరూ తమ నిర్ణయాలను సమర్థించుకొన్నారు. కనుక వారు తమకు ప్రతికూలంగా ఒప్పుకొన్న విషయాలకు, పరస్పరం విరోధులైనవారు ఏకీభవించిన విషయాలకు ఎక్కువ విలువ ఇవ్వాలి.

రజాకార్ల దౌర్జన్యాలకు భారత ప్రభుత్వం 1948లో ప్రకటించిన శ్వేతపత్రం ఒక ఆధారం. సైనికచర్య సమయంలో, ఆ తరువాత ముస్లింలపై జరిగిన హింసకు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి ఇచ్చిన నివేదిక ఒక ఆధారం. ఈ నివేదికను ప్రభుత్వం చాలాకాలం వెల్లడించలేదు. అందులో మృతుల సంఖ్య కనీసం 27 వేలనుండి 40 వేలవరకు ఉండవచ్చునని ఉంది. పదహారు జిల్లాలలో తొమ్మిదింటిలో తిరిగి, బాధితులను విచారించి వేసిన అంచనా ఇది. ఒక్కొక్కరినీ లెక్కించిన సంఖ్య కాదు. ఈ రెండు పత్రాలలో ఒకదానినే చదివినవారికి సగం చరిత్రే తెలుస్తుంది.

పత్రాగారం, స్థానిక చరిత్ర

తార్నాకలోని రాష్ట్ర పత్రాగారం పూర్వపు దఫ్తర్-ఎ-దివానీకి వారసత్వ సంస్థ. ఇక్కడ మొగలుల దక్కను పాలనకు, అసఫ్‌జాహీల పాలనకు సంబంధించిన పారశీక, ఉర్దూ పత్రాలున్నాయి. షాజహాను కాలపు పత్రాలలో ఎంపిక చేసినవి 1950లో, ఔరంగజేబు కాలపువి 1958లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. వీటిలో సిపాయి ముఖచిహ్నాలు, గుర్రపు గుర్తులు నమోదు చేసిన పట్టీలు కూడా ఉన్నాయి. జీతం విషయంలో మోసం జరగకుండా వ్రాసుకొన్న కాగితాలివి. భావితరాలను మెప్పించే ఉద్దేశం వీటికి లేదు. అందుచేతనే సైన్యంలో ఎటువంటివారు ఉండేవారో తెలుసుకోవడానికి ఇవి ప్రశస్తులకంటే నమ్మదగినవి.

విద్యార్థులు ఈ పద్ధతిని తాము నివసించే ప్రాంతానికీ వర్తింపజేయవచ్చు. ఏ.ఎస్.రావు నగర్‌కు 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ నిర్మాత అయ్యగారి సాంబశివరావు పేరు వచ్చింది. పేరు ఎవరిని గౌరవించారో చెబుతుంది. ఆ నేల అంతకుముందు ఎవరిది, ఎవరు సాగుచేసారు, ఇళ్ళు ఎప్పుడు లేచాయి అన్న ప్రశ్నలకు పహాణీలు, దస్తావేజులు, పాత సర్వే పటాలు, వృద్ధుల జ్ఞాపకాలు చూడాలి. జ్ఞాపకం కాగితంతో విభేదిస్తే ఏదో ఒకటి అబద్ధమని వెంటనే నిర్ణయించరాదు. కౌలుదారు పేరు కాగితంలో లేకపోవచ్చు, పొలంలో ఉండి ఉండవచ్చు.

పరిమితులు

శాసనాలలో ఎక్కువభాగం దానం చేయగలిగినవారివి. కూలీలు, స్త్రీలు, అంటరానివారుగా చూడబడినవారు వాటిలో అరుదుగా, అదికూడా ఇతరుల మాటలలో కనిపిస్తారు. కీసరగుట్టమీది "తొలుచువాండ్రు" శాసనం పనివారిని పేర్కొనే అరుదైన ఉదాహరణ. శిథిలమైన అక్షరాలను పండితులు వేర్వేరుగా చదివిన సందర్భాలున్నాయి గనుక ముద్రిత పాఠంతోపాటు శాసనపు అచ్చుప్రతినీ చూడడం మంచిది. రహదారుల విస్తరణ, క్వారీలు, ఆలయాల పునరుద్ధరణలో బండలకు రంగులు వేయడం మొదలైన కారణాలవలన రాతిశాసనాలకు హాని కలుగుతున్నది. శాసనం చెరిగిపోతే దానిమీద ఆధారపడిన నిర్ణయాన్ని మళ్ళీ పరీక్షించే అవకాశం తరువాతివారికి ఉండదు.

ఇవి కూడా చూడండి

* కీసరగుట్ట
* విష్ణుకుండినులు
* కాకతీయులు
* కైఫీయతులు
* కొమర్రాజు వెంకట లక్ష్మణరావు
* హైదరాబాదు చరిత్ర