పిల్లి తలుపు చుట్టూ సందు

ఇంగ్లండు నైరుతి మూలన ఎక్సెటర్ అనే ఊళ్లో పాత కేథడ్రల్ ఒకటి ఉంది. దాని జమాఖర్చు పుస్తకాల్లో 1305 నుంచి 1467 దాకా ఓ పద్దు మాటిమాటికీ కనిపిస్తుంది: పిల్లికి మూడు నెలలకు 13 పెన్నీలు. అంటే వారానికి ఒక పెన్నీ. 1598కి వచ్చేసరికి అక్కడ బిషప్‌గా ఉన్న విలియం కాటన్ ఉత్తరం వైపు తలుపుకు అడుగున ఒక గుండ్రటి కన్నం చేయించాడు. వడ్రంగులకు ముట్టిన కూలి 8 పెన్నీలు. ఆ తలుపు పైన పెద్ద ఖగోళ గడియారం ఉంది. గడియారం తాళ్లకు జంతువుల కొవ్వు పూసేవారు, ఆ కొవ్వు కోసం ఎలుకలు చేరేవి, ఎలుకల కోసం పిల్లి వెళ్లాలి. ఆ కన్నం ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్లినవాళ్లు చూసి రావచ్చు.

అయితే ఇది మొదటిది కాదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఇంగ్లీషు కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో, మిల్లర్ చెప్పే కథలో, తలుపు అడుగున పిల్లి దూరే కన్నంలోంచి ఒక నౌకరు గదిలోకి తొంగి చూసినట్టు రాశాడు. వివరించకుండా రాశాడంటే అప్పటికే అది ఇంటింటా తెలిసిన సంగతే. పిల్లి తలుపును న్యూటన్ కనిపెట్టాడని, తల్లి పిల్లికి పెద్ద కన్నం, కూనలకు చిన్న కన్నం కోయించాడని చెప్పే ముచ్చట మనవాళ్లూ విని ఉంటారు. న్యూటన్ దగ్గర కొన్నేళ్లు లేఖకుడిగా పనిచేసిన హంఫ్రీ న్యూటన్ మాత్రం ఆయన గదిలో కుక్క గానీ పిల్లి గానీ ఉండేది కాదని రాసి పెట్టాడు. పక్కన కూర్చుని పనిచేసినవాడి మాటనే నేను నమ్ముతాను.

ఈ వస్తువు మన ఊళ్లలో ఎందుకు పుట్టలేదో ఆలోచిస్తే దాని స్వభావం బాగా తెలుస్తుంది. పెంకుటింట్లో గోడకూ చూరుకూ మధ్య ఖాళీ ఉంటుంది, పెరటి తలుపు పగలంతా బార్లా తెరిచే ఉంటుంది, కిటికీకి కమ్మీలే తప్ప అద్దం ఉండదు. పిల్లి రాకపోకలకు వేరే ఏర్పాటు ఎవరు చేస్తారు? చలికి ఇల్లు మూసి బతకాల్సిన చోటే పిల్లికి ప్రత్యేకమైన దారి కావలసి వచ్చింది. ఎక్సెటర్ కన్నానికి రెక్క లేదు. గాలీ వానా కూడా అందులోంచే వచ్చేవి. రాతి కట్టడం ఎలాగూ మంచులా ఉండేది కాబట్టి ఇంకో జానెడు కన్నం వల్ల ఎవరికీ తేడా తెలిసి ఉండదు. ఇళ్లకు హీటర్లు వచ్చాక, గోడల్లో దూది లాంటి పొరలు పెట్టాక, కిటికీలకు జోడు అద్దాలు బిగించాక ఆ కన్నం తన సంగతి తెలియజేయడం మొదలుపెట్టింది.

కన్నానికి రెక్క వచ్చింది. పైన బందు, కింద వేలాడే పలక, అంతే. పిల్లి తలతో నెడితే తెరుచుకుంటుంది, తన బరువుతో తనే మూతపడుతుంది. పలకను పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేయడం మంచి ఆలోచన, ఎందుకంటే అవతల ఏముందో చూడకుండా పిల్లి అడుగు వేయదు. గాలికి కొట్టుకోకుండా అంచున చిన్న అయస్కాంతం పెట్టారు. తర్వాత ఊరి పిల్లులన్నీ లోపలికి వచ్చి గిన్నె ఖాళీ చేస్తున్నాయని మెడపట్టీకి అయస్కాంతం కట్టి, దానికే గడియ తెరుచుకునేలా చేశారు. పక్కింటి పిల్లి మెడలోనూ అదే అయస్కాంతం ఉంటే ఆ గడియ దానికీ తెరుచుకుంటుంది.

ఆ చిక్కు విప్పినవాళ్లలో ఒకరు కేంబ్రిడ్జిలో ఉండే భౌతికశాస్త్రవేత్త నిక్ హిల్. తన పిల్లి ఫ్లిపర్ కోసం 2000ల దశకం చివర్లో ఆయన చేసిన తలుపే ష్యూర్‌ఫ్లాప్ అనే సంస్థకు మొదలు. పశువైద్యులు పిల్లి భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెడతారు. అందులో బ్యాటరీ ఉండదు. పిల్లి తల లోపలికి పెట్టగానే తలుపు చట్రంలోని తీగచుట్ట 134.2 కిలోహెర్ట్జ్ వద్ద అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని చిప్ తన 15 అంకెల సంఖ్యను వినిపిస్తుంది. సంఖ్య జాబితాలో ఉంటే గడియ జారుతుంది. తప్పిపోయిన పిల్లిని ఇంటికి చేర్చడానికి పెట్టిన చిప్ ఇలా ఇంటి తాళంచెవి కూడా అయింది. 2024 జూన్ 10 నుంచి ఇంగ్లండులో పెంపుడు పిల్లులకు, 20 వారాల వయసు నిండేలోగా, చిప్ తప్పనిసరి. 2019లో సియాటిల్‌లో అమెజాన్ ఉద్యోగి బెన్ హామ్ ఇంకో మెట్టు ఎక్కాడు. నోట ఎలుకనో పిట్టనో కరుచుకొచ్చిన తన పిల్లిని కెమెరా గుర్తుపట్టి గడియ వేసేలా కంప్యూటరుకు నేర్పించాడు.

ఇంత తెలివీ లోపలికి వస్తున్నది ఎవరో పోల్చుకోవడానికే ఖర్చయింది. చలి మాత్రం ఏ సంఖ్యా చెప్పకుండా వస్తూనే ఉంది. టొరంటోలోనో షికాగోలోనో మిన్నియాపొలిస్‌లోనో కాపురముంటూ పిల్లిని పెంచుకుంటున్న మన కుటుంబాలు ప్రతి అక్టోబరులోనూ పట్టించుకోవలసింది ఈ సంగతే.

చలి ఎటు నుంచి వస్తుందో లెక్క వేసి చూద్దాం. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 10. రెక్క 15 సెంటీమీటర్ల చదరం. ఆ పలుచటి ప్లాస్టిక్ గుండా పోయే వేడి సుమారు 4 వాట్లు. ఏమంత కాదు. ఇప్పుడు రెక్క చుట్టూ ఉన్న సందు చూడండి. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అనుకుంటే మొత్తం 18 చదరపు సెంటీమీటర్లు. రెండంతస్తుల ఇంట్లో వెచ్చటి గాలి పైకెక్కి పై అంతస్తు సందుల్లోంచి బయటికి పోతుంటే ఆ లోటు పూడ్చడానికి కింది నుంచి చల్లగాలి వస్తుంది. పిల్లి తలుపు ఇంట్లో అన్నిటికన్నా కిందుంటుంది కాబట్టి ఆ లాగుడు దాని మీద ఎక్కువ. దాదాపు 4 పాస్కళ్ల ఒత్తిడి తేడాకు ఆ సందులోంచి సెకనుకు రెండున్నర లీటర్లకు పైగా గాలి దూరుతుంది. దాన్ని వెచ్చబెట్టడానికి 100 వాట్లు కావాలి. అంటే పలక గుండా పోయేదానికి పాతిక రెట్లు పలక పక్క నుంచి పోతోంది. పైగా ఆ లాగుడే రెక్కను కొంచెం లోపలికి నెట్టి సందును ఇంకా పెంచుతుంది.

చాలామంది ఇక్కడే దుకాణానికి వెళ్లి రెండు రెక్కల తలుపు కొంటారు. సొరంగంలా ఉండి, బయట ఒకటి, లోపల ఒకటి. మంచిదే, కానీ రెండు రెక్కలకూ అదే సందు ఉంటే గాలి తగ్గేది మూడో వంతు కూడా కాదు. వరుసగా ఉన్న రెండు సమానమైన సందుల గుండా గాలి ప్రవాహం సగానికి పడదు, 70 శాతానికే పడుతుంది. అదే ఉన్న ఒక్క రెక్కకు అంచున సన్నటి బ్రష్ బద్ద అతికించి సందును 3 నుంచి 1 మిల్లీమీటరుకు తెస్తే గాలి మూడో వంతుకు దిగుతుంది. ముందు బ్రష్ బద్ద, ఆ తర్వాతే రెండో రెక్క. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. అయస్కాంతాన్ని బలమైనది పెట్టినా సందు మూసుకుంటుంది గానీ ముసలి పిల్లి, కూన దాన్ని నెట్టలేవు. అవి తలుపు ముందు కూర్చుని అరుస్తాయి, మీరు పెద్ద తలుపు తీస్తారు, మిగిల్చిన వేడిలో కొంత ఒక్కసారిగా పోతుంది. బయటి వైపు చిన్న చెక్క అరుగుగది లాంటిది కట్టి, దాని దారి పక్కకు తిప్పితే గాలి నేరుగా రెక్కను తాకదు. మంచు పడే ఊళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది.

చలి తీవ్రమైతే యంత్రం కూడా మొరాయిస్తుంది. ఇంట్లోని తేమగాలి రెక్క అంచును తాకి నీరై, ఆ నీరు గడ్డకట్టి రెక్కను చట్రానికి అతికించేస్తుంది. పొద్దున పిల్లి బయటే ఉండిపోతుంది. రోజూ పొడిగుడ్డతో అంచు తుడవాలి. కార్ల మంచు కరిగించే ద్రవాలు మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. ముఖ్యంగా ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నవి. కాళ్లకు, బొచ్చుకు అంటిన కాస్తంత నాకినా పిల్లి మూత్రపిండాలు పాడై చనిపోవచ్చు. చిప్ తలుపుల్లో మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలికి నీరసిస్తాయి, వాటి బదులు మైనస్ 40 దాకా తట్టుకునే లిథియం ఏఏ సెల్స్ వేస్తే నమ్మకంగా ఉంటుంది. వినైల్ రెక్క చలికి బిర్రబిగుస్తుంది, సిలికోన్ రెక్క మెత్తగానే ఉంటుంది.

ఇంట్లోకి రాని పిల్లుల సంగతి వేరు. వీధి పిల్లులకు అమెరికా, కెనడాల్లో ఎందరో దయగలవాళ్లు మూతపెట్టె లోపల థర్మకోల్ పలకలు అమర్చి చలికాలపు గూడు చేస్తున్నారు. అక్కడ హీటరు పిల్లే. నాలుగు కిలోల పిల్లి పడుకుని ఉన్నప్పుడు దాని ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు 10 వాట్లు. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు ఉన్న గూటికి ఒక అంగుళం థర్మకోల్ వేస్తే, దారికి మెత్తటి రెక్క ఉన్నప్పుడు ఆ 10 వాట్లతో లోపల బయటికన్నా 7 డిగ్రీలు పెరుగుతుంది. రెక్క లేకుండా 15 సెంటీమీటర్ల దారి తెరిచి ఉంచితే, గాలి వీచకపోయినా, పెరుగుదల 4 డిగ్రీలకు పడిపోతుంది. గాలి వీస్తే అదీ దక్కదు. రెండు పిల్లులు కలిసి పడుకుంటే వేడి రెట్టింపు. గూడు పెద్దదయ్యే కొద్దీ అదే వేడి ఇంకా ఎక్కువ గోడలోంచి బయటికి పోతుంది. అందుకే గూడు పెద్దగా ఉండాలనే మన సహజమైన ప్రేమ ఇక్కడ వాటికి చేటు చేస్తుంది.

పరుపుగా దుప్పటి వేయకూడదు. తడిని పీల్చుకుని ఒంటి వేడిని లాగేస్తుంది. పశువులకు మేపే ఎండుగడ్డీ తడిసి బూజు పడుతుంది. కావలసింది ధాన్యం దులిపాక మిగిలే గోధుమ గడ్డి. గొట్టాల్లాంటి బోలు కాడలు గాలిని పట్టి ఉంచుతాయి, నీటిని జారవిడుస్తాయి. పిల్లి అందులో దూరి తన చుట్టూ కప్పుకుంటుంది. గూటిని ఇటుకల మీద లేపి, దారిని గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా కాకుండా తిప్పాలి. మంచు కురిసిన మర్నాడు ముందు ఆ దారి తవ్వి తీయాలి, లోపలున్నది బయటికి రాలేకపోవచ్చు.

వీధి పిల్లికి మూతపడే రెక్క అంటే బోను గుర్తొస్తుంది. కొందరు భయపడి రెండో దారి పెడతారు. దాంతో గాలి ఒక దారిలోంచి ఇంకో దారికి వీచి గూడు గూడుగా మిగలదు. అంతకన్నా నెమ్మదిగా అలవాటు చేయడమే మేలు. ఆకులు రాలడం మొదలైనప్పుడే గూడు పెట్టి, రెక్క లేకుండా వదిలేయాలి. తిండి మొదట బయట, తర్వాత గడప దగ్గర, తర్వాత లోపల. పిల్లి రాత్రి అక్కడే పడుకుంటోందని గడ్డిలోని గుంట చూస్తే తెలుస్తుంది. అప్పుడు రబ్బరు రెక్కను పైకి మడిచి టేపుతో అంటించి, రెండు మూడు రోజులకోసారి కొంచెం కిందికి దించుతూ రావాలి. సగం దించేసరికి చాలా పిల్లులు తలతో నెట్టడం నేర్చేసుకుంటాయి. నేర్చుకోని దాని కోసం ఇంకో వారం ఆగాలి. మొదటి మంచు పడే రోజుకు రెక్క పూర్తిగా దిగి ఉండేలా చూసుకోవాలంటే అక్టోబరు మొదటి వారమే మొదలుపెట్టాలి.