పందికి చెక్క ఎన్నాళ్ళకొకసారి పెట్టాలి?



పందుల్ని సాకే ఇళ్ళల్లో మేత పని చాలావరకు ఆడవాళ్ళదే. కుడితి కలిపేది మీరే. తవుడు, చెక్క కొనేది మీరే. అందుకే ఈ పాఠం మీకోసం.

సంత రోజున వేరుశనగ చెక్క కొంటాం. ఇంట్లో ఉంది కదా అని రెండు రోజులు చేతినిండా వేస్తాం. మూడో రోజుకి అయిపోతుంది. మళ్ళీ సంత దాకా వట్టి తవుడు, గంజి. "వారం వారం చెక్క కొంటూనే ఉన్నా, పంది ఎదగట్లేదేం?" అని అప్పుడు దిగులు పడతాం.

చెక్క మంచిదే. పెట్టే తీరులోనే లోటు ఉంది. ఎలాగో చూద్దాం.

నూకలు, గంజి, చిలగడదుంప పొయ్యిలో కట్టెల్లాంటివి. వీటితో పంది తిరుగుతుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. మిగిలింది కొవ్వుగా మారి చర్మం కింద చేరుతుంది. కండ పట్టాలంటే మాత్రం మాంసకృత్తులు కావాలి. అవి వేరుశనగ చెక్క, సోయా చెక్క, ఎండుచేపల్లో ఎక్కువ. తవుడులో కొంచెం ఉంటాయి.

కొవ్వును ఒళ్ళు దాచుకోగలదు. మాంసకృత్తుల్ని దాచుకునే గాదె మాత్రం పంది ఒంట్లో లేదు. మన ఒంట్లోనూ లేదు. తిన్న మాంసకృత్తులు కడుపులో, పేగుల్లో చిన్న ముక్కలుగా విడిపోతాయి. రక్తంలో కలుస్తాయి. కొన్ని గంటల్లోనే ఒళ్ళు వాటిని కండకి వాడుకోవాలి. వాడుకోలేనిది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. చెక్క మరీ ఎక్కువ వేస్తే దొడ్డిలో ఘాటు వాసన పెరుగుతుంది, ముక్కు మండుతుంది. ఆ వాసనలో మీరు చెక్కకి పెట్టిన డబ్బు కూడా ఉంది!

ఇంకో సంగతి. ఈ ముక్కలు సుమారు 20 రకాలు. కండ కట్టాలంటే అన్నీ ఒకే వేళకి అందాలి. మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు, ఇటుకలు ఉన్నాయి, సిమెంటు లేదు. గోడ లేస్తుందా? పంది మేతలో తరచుగా తక్కువయ్యే ముక్క పేరు లైసిన్. నూకల్లో, మొక్కజొన్నలో ఇది తక్కువ. వేరుశనగ చెక్కలో కూడా చాలినంత ఉండదు. సోయా చెక్కలో, చేపల్లో బాగా ఉంటుంది. అందుకని వీటిని విడివిడిగా పెట్టకుండా, ఒకే మేతలో కలిపి పెట్టాలి.

లైసిన్ పొడి మీద ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశీలన 1974లో అచ్చయింది. కొన్ని పందులకి రోజుకి ఒకసారే మేత పెట్టారు. కొన్నింటికి అదే మేతను రోజంతా కొంచెం కొంచెంగా పెట్టారు. కొంచెం కొంచెంగా తిన్న పందులే లైసిన్ పొడిని బాగా వాడుకున్నాయి. తల్లి పంది దగ్గర చూడండి. పిల్లలకి ఇంచుమించు గంటకోసారి పాలిస్తుంది. ఆ తల్లికి ఎవరు పాఠం చెప్పారు?

అలాగని గంటగంటకీ మేత పెట్టనక్కర్లేదు. మనకి వేరే పనులు లేవా! చెక్క, చేపల్లో మాంసకృత్తులు పొడిలాగా ఒక్కసారిగా రక్తంలోకి పోవు, మెల్లగా అరుగుతాయి. కాబట్టి ఒక పూట కాస్త తగ్గితే కొంప మునగదు. రోజులు రోజులు మానేస్తేనే అసలు నష్టం. కొన్న చెక్కను ఇంటికి రాగానే ఏడు భాగాలు చేయండి. రోజుకో భాగం. దాన్ని మళ్ళీ పొద్దున సగం, సాయంత్రం సగం. పాలు మానిన చిన్న పిల్లలకైతే మూడు పూటలు పెట్టండి. అవి ఎదిగే వయసులో ఉంటాయి, కడుపు చిన్నది.

ఎదిగే పందులకి 10 కిలోల దాణా ఇలా కలపవచ్చు: నూకలు 5 కిలోలు, తవుడు 3 కిలోలు, వేరుశనగ చెక్క కిలోన్నర, ఎండుచేపల పొడి అర కిలో. ఇందులో నూటికి సుమారు 16 పాళ్ళు మాంసకృత్తులు ఉంటాయి. ఖనిజ లవణాల పొడి ఎంత కలపాలో పశువుల డాక్టరుని అడగండి. 30 కిలోల పందికి రోజుకి కిలోకి పైగా, కిలోన్నర దాకా ఈ దాణా పడుతుంది. పంది బాగా పెద్దదయ్యాక చెక్క కొంచెం తగ్గించవచ్చు.

బూజు పట్టిన చెక్క చవగ్గా ఇస్తామన్నా కొనకండి. అందులో కాలేయాన్ని చెడగొట్టే విషం ఉండవచ్చు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపలు వద్దు. ఉప్పు ఎక్కువై, తాగడానికి నీళ్ళు లేకపోతే పంది చచ్చిపోతుంది కూడా. హోటలు కుడితి తెస్తే అరగంట బాగా మరిగించి, చల్లార్చి పెట్టండి.

తొట్టి దగ్గర కూడా ఒక కన్ను వేయాలి. పెద్ద పంది ముందు దూరి చెక్కంతా తినేస్తుంది, బక్కదానికి నీళ్ళే మిగులుతాయి. మీరు సమంగా పంచినా దానికి అందనట్టే. బక్కవాటికి వేరే తొట్టి పెట్టండి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు కదా. ఒక నోటుబుక్కు తీయండి. తేదీ, ఆ రోజు పెట్టిన చెక్క ఎంతో రాయండి. నెలకోసారి ముందుకాళ్ళ వెనకగా పంది ఛాతీ చుట్టూ తాడు పెట్టి, ఆ తాడును టేపుతో కొలిచి, ఆ అంకె కూడా పక్కనే రాయండి. రెండు మూడు నెలల అంకెలు పోల్చి చూస్తే, చెక్క కండకి పోతోందో మూత్రంలో పోతోందో మీకే తెలుస్తుంది.