అద్దాల మేడల నీడలో డివిజన్ పోరు

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ కూడలి దాటి లోపలి వీధుల్లోకి మళ్లితే పాత మాదాపూర్ ఎదురవుతుంది. ఇరుకు సందులు, కిరాణా కొట్లు, మేడ మీద మేడగా లేచిన హాస్టళ్లు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి ఆ టవర్లను ప్రారంభించేనాటికి ఇక్కడున్నవి ఊళ్లు, రాళ్లగుట్టలే. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు నగరంలో కలిసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) అయినప్పుడు శేరిలింగంపల్లి మున్సిపాలిటీ కూడా అందులో చేరింది. అలా ఐటీ కారిడార్‌కూ కార్పొరేటర్లు వచ్చారు. 2020 ఎన్నికలనాటి 150 డివిజన్ల పట్టికలో కొండాపూర్ 104, గచ్చిబౌలి 105, మాదాపూర్ 107.

పగలు ఇక్కడి ఆఫీసుల్లో నిండే జనంలో చాలామందికి ఓటు వేరే చోట ఉంటుంది. గెలుపోటములు తేల్చేది గుట్టల బేగంపేట, అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్, గోపన్‌పల్లి లాంటి బస్తీలు, పాత ఊళ్లు, కాలనీలు. అందుకే అభ్యర్థి గురించి ఇక్కడ ముందుగా అడిగేది ‘ఎవరి తాలూకు? ఏ ఊరు?’ అనే. చట్టం మాత్రం అంత పట్టింపుగా లేదు. 21 ఏళ్లు నిండి, అదే నగరపాలక సంస్థ పరిధిలో ఏ డివిజన్‌లో ఓటున్నా మరో డివిజన్‌లో పోటీ చేయొచ్చు. ప్రతిపాదించేవారు మాత్రం ఆ డివిజన్ ఓటరై ఉండాలి.

మాదాపూర్ నుంచి 2016లోనూ 2020లోనూ టీఆర్‌ఎస్ తరఫున గెలిచిన వి.జగదీశ్వర్ గౌడ్ కథ ఈ రాజకీయానికి మంచి నమూనా. ఆ రెండుసార్లూ ఆయన భార్య పూజిత హఫీజ్‌పేట నుంచి నెగ్గారు. ఒకే కౌన్సిల్‌లో భార్యాభర్తలు! 2023లో ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా శేరిలింగంపల్లి శాసనసభ స్థానానికి పోటీపడి ఓడారు. గచ్చిబౌలిలో మాత్రం 2020లో బీజేపీ అభ్యర్థి గంగాధర్ రెడ్డి గెలిచారు.

2020 డిసెంబరు 1 నాటి జీహెచ్‌ఎంసీ పోలింగ్‌కు రెండు నెలల ముందే దుర్గం చెరువు మీద 233 మీటర్ల ప్రధాన స్పాన్‌తో తీగల వంతెన తెరుచుకుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన చెరువది. మరుసటి నెల అక్టోబరు వానలు నగరాన్ని ముంచాయి. దాంతో ప్రచారంలో నాలాలు, వరద సాయం ముందుకొచ్చాయి. కరోనా వేళ బ్యాలెట్ పత్రాలతో జరిగిన ఆ ఎన్నికల్లో నగరమంతా కలిపి ఓటేసింది 46.55 శాతమే.

రోడ్లు, చెత్త, వీధి దీపాలు, పార్కులు నగరపాలక సంస్థ పని. తాగునీరు జలమండలిది, కరెంటు డిస్కంది, ట్రాఫిక్ పోలీసులది. ప్రచారంలో ఇవన్నీ ఒకే హామీల చీటీలో కలిసిపోతాయి. గెలిచాక కార్పొరేటర్ సగం పని ఆయా శాఖల గుమ్మాల చుట్టూ తిరగడమే.

ఈ వీధులు చూడాలంటే మెట్రోలో హైటెక్ సిటీలోగానీ రాయదుర్గంలోగానీ దిగి నడవొచ్చు. పునర్విభజనతో డివిజన్ల హద్దులు మారుతుంటాయి కనుక ఓటరు జాబితాలో పేరు, డివిజన్ ముందే సరిచూసుకోవాలి. నామినేషన్ల వేళ అభ్యర్థి చదువు, ఆస్తులు, కేసులు తెలిపే అఫిడవిట్లను రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో చూడొచ్చు. ఇంటికొచ్చిన అభ్యర్థిని మాత్రం ఒకటి అడగాలి: ‘మీరిచ్చిన హామీ ఏ శాఖ చేతిలో ఉంది?’ జవాబు తడుముకోకుండా వస్తే, ఆ మనిషికి డివిజన్ పని తెలిసినట్టే.