నాలుగున్నర మిల్లీమీటర్లు

యూట్ ఎత్తు పెంచాలన్నా, పెద్ద టైర్లు వేయాలన్నా లెక్క మొదలయ్యేది డ్రైవర్ తలుపు దగ్గరున్న చిన్న స్టిక్కర్‌తోనే

ఎడిటర్ గారు అడిగింది ఎడారి కథ. ఈస్టర్ సెలవుల ముందు సంచికకు ముఖచిత్రంగా ఎర్ర ఇసుక దిబ్బ ఎక్కుతున్న యూట్ (వెనక సరుకు తొట్టె ఉండే పికప్ బండి) బొమ్మ, లోపల ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన కుర్రాళ్లకు ఈ బండ్ల మీద పుట్టిన మోజు గురించి నాలుగు పేజీలు. గురువారం రాత్రికల్లా అందాలి. బొమ్మ ఇట్టే దొరికింది. కథ కోసం మాత్రం మెల్‌బోర్న్ పడమటి శివారులోని ఒక వర్క్‌షాపుకు వెళ్లాను. అక్కడ స్టాండ్ల మీద నిలబెట్టిన తెల్ల హైలక్స్ యూట్ డ్రైవర్ తలుపు తీసి చూస్తే, తలుపు వచ్చి మూసుకునే చోట అరచేయంత స్టిక్కర్ ఉంది. ఏ సైజు టైరు వేయాలో, ఎంత గాలి పెట్టాలో దాని మీద ఉంటుంది. టైర్ ప్లకార్డ్ అంటారు. పెట్రోలు బంకులో గాలి పెట్టించేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ చూడరు. ఈ వ్యవహారమంతా నడిపించేది ఆ కాగితమే.

బండి యజమాని నరసరావుపేట కుర్రాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. “33లు వేయిద్దామనుకుంటున్నా అన్నా. మా బ్యాచ్‌లో అందరివీ అవే” అన్నాడు. షాపాయన అవుననలేదు, కాదనలేదు. తలుపు తీసి స్టిక్కర్ చూపించి, చేతికి క్యాలిక్యులేటర్ ఇచ్చాడు.

స్టిక్కర్ మీద 265/65ఆర్17 అని ఉంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో రెండోది చెబుతుంది. చివరిది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 265లో 65 శాతమంటే 172.25. గోడ రిమ్ముకు పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెట్టింపు చేస్తే 344.5. రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మిల్లీమీటర్లు. రెండూ కలిపితే 776.3. కంపెనీ ఇచ్చిన చక్రం మొత్తం వ్యాసం అదీ. ఇదే మోడల్లో ఖరీదైన రకానికి వచ్చే 265/60ఆర్18 లెక్క కట్టినా 775.2 దగ్గర తేలుతుంది. రిమ్ము పెరిగిన మేర గోడ తగ్గింది, అంతే.

కుర్రాడు మనసు పడ్డ టైరు 285/70ఆర్17. అంగుళాల్లో 33కి దగ్గరగా వస్తుంది గనుక యూట్ల వాళ్ల నోట్లో దాని పేరు ‘33’. అదే పద్ధతిలో లెక్కేస్తే 830.8. తేడా 54.5 మిల్లీమీటర్లు.

అక్కడి బండ్ల మార్పులకు ఒక జాతీయ నియమావళి ఉంది. వెహికల్ స్టాండర్డ్స్ బులెటిన్ 14 అంటారు. టైర్లు, రిమ్ములు, సస్పెన్షన్, స్టీరింగ్‌లకు అందులో ప్రత్యేక విభాగమే ఉంది. మామూలు కారు టైరు వ్యాసాన్ని కంపెనీ ఇచ్చిన దానికంటే 15 మిల్లీమీటర్లకు మించి పెంచకూడదు. ఫోర్‌వీల్ డ్రైవ్ యూట్‌కు 50 దాకా పెంచుకోవచ్చు. 54.5లోంచి 50 తీసేస్తే మిగిలింది నాలుగున్నర. బండిని కొని తెచ్చుకున్నట్టే ఉంచి, ఊళ్లో సగం యూట్లకు కనిపించే ఈ టైరు తగిలిస్తే, ఆ నాలుగున్నర దగ్గర గీత దాటుతోంది. కుర్రాడు నమ్మలేదు. రెండోసారి వేశాడు. అంకె మారలేదు.

నాలుగున్నర మిల్లీమీటర్లతో కొంపలేం మునుగుతాయని ఎవరికైనా అనిపిస్తుంది. రోడ్డు మీద పట్టుపడితే విక్టోరియాలో అద్దానికి పసుపు రంగు స్టిక్కర్ అంటిస్తారు. జనం దాన్ని కెనరీ అంటారు. లోపం సరిచేసి, తనిఖీ చేయించుకుంటే గానీ అది పోదు. అది చిన్న బాధే. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ మనిషి వచ్చి ఇదే లెక్క వేస్తే, చెప్పకుండా చేసిన మార్పని పరిహారం నిరాకరించే వీలుంది. ఇంటి అప్పు, పిల్లల చదువు భుజాన ఉన్నవాడు ఆ వీలు ఇవ్వకూడదు.

దారి లేకపోలేదు. 275/70ఆర్17 వేస్తే 816.8, తేడా 40.5. 265/70ఆర్17 అయితే 802.8, తేడా 26.5. రెండూ గీతకు లోపలే. నన్నడిగితే రెండోదే మేలు. వెడల్పు మారదు కాబట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకునే బెడద తక్కువ. అడుగున వేలాడే స్టెప్నీకి కూడా చోటు చాలుతుంది. స్టెప్నీ గురించి ఆలోచించకుండా నాలుగే పెద్ద టైర్లు కొనేవాళ్లున్నారు. అడవిలో ఒకటి పేలితే దాని చోట వేసే స్టెప్నీ ఎత్తు వేరు, దానితో ఫోర్‌వీల్ డ్రైవ్ వేస్తే గేర్ల మీద పడే ఒత్తిడి వేరు.

స్పీడోమీటరు సంగతీ ఇక్కడే చెప్పాలి. 33లు వేస్తే చక్రం 7 శాతం పెద్దదవుతుంది. ముల్లు 100 చూపుతుంటే అసలు వేగం 107 కావచ్చు. కొత్త బండ్ల స్పీడోమీటరు ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపినా పర్వాలేదు గానీ, తక్కువ చూపకూడదన్నది అక్కడి చట్టం. కంపెనీ ముందుగానే కాస్త ఎక్కువ చూపేలా పెడుతుంది కాబట్టి చిన్న మార్పు అందులో కలిసిపోతుంది. 7 శాతం కలవకపోవచ్చు. బ్రేకుకూ ఇదే లెక్క: అంతే బలంతో తొక్కితే పెద్ద చక్రం దగ్గర నేల మీద పడే బ్రేకు బలం ఆ మేరకు తగ్గుతుంది.

ఎత్తు ఎక్కడ పెరుగుతుంది?

సస్పెన్షన్ లిఫ్ట్ అంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి ఛాసిస్‌ను పైకి లేపడం. 50 మిల్లీమీటర్లు లేపితే బంపరు, ఫుట్‌బోర్డు, డీజిల్ ట్యాంకు అన్నీ అంత ఎత్తుకు వెళతాయి. గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలదు, దిబ్బ మీద నడుము ఆనుకోదు. వెనక డిఫరెన్షియల్ మాత్రం అంగుళం కూడా లేవదు. అది ఇరుసులోనే ఉంది, ఇరుసు చక్రాల మధ్య ఉంది. దాని కింద ఖాళీ పెరగాలంటే టైరే పెరగాలి. 50 మిల్లీమీటర్ల వ్యాసం పెరిగితే డిఫరెన్షియల్ కింద దొరికేది సగం, అంటే 25. బండి దారిలో లోతైన చాళ్ల మధ్య బండ తగిలేది సరిగ్గా ఆ డిఫరెన్షియల్ గుండుకే. నెలజీతం పోసి లిఫ్ట్ వేయించినా, చాళ్ల మధ్యనున్న ఆ రాయి మాత్రం అలాగే తగులుతుంది.

చాలా రాష్ట్రాల్లో ఇంజనీరు కాగితం లేకుండా చేసుకోగల హద్దు కూడా ఈ రెండంకెల మొత్తమే: సస్పెన్షన్‌తో 50, టైరుతో 25, మొత్తం 75 మిల్లీమీటర్లు. దాటితే అనుమతి ఉన్న ఇంజనీరు ధ్రువీకరించాలి. ఎత్తు మరీ పెరిగితే వేగంలో హఠాత్తుగా లేన్ మార్చి చూసే పరీక్ష కూడా పెడతారు. బండి జారితే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టే కంప్యూటరు, కంపెనీ ఇచ్చిన ఎత్తును నమ్మి పనిచేస్తుంది. బరువు పైకి పోతే దాని అంచనా తప్పుతుంది. అందుకే ఆ పరీక్ష.

నా మనసులో మాట దాచుకోను. ఈ లిఫ్టుల్లో చాలావాటికి నేల అవసరం లేదు, చూపు అవసరమే ఉంది. బీచ్ ఇసుకలో దిగబడే బండిని బయటికి తెచ్చేది ఎత్తు కాదు, గాలి. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరును మెత్తటి ఇసుకలో 18కి దించితే టైరు పొడవుగా పరుచుకుని బరువును ఎక్కువ మేర మీద పంచుతుంది. దానికి కావలసింది గాలి మీటరు, తిరిగి నింపుకోవడానికి చిన్న కంప్రెసరు. నింపకుండా హైవే ఎక్కకూడదు. అయితే విక్టోరియా కొండ దారుల్లో, వాగులు దాటి బండల మీదుగా నిజంగా తిరిగేవాళ్లకు 40, 50 మిల్లీమీటర్ల లిఫ్ట్ ఎంత మేలు చేస్తుందో కూడా చూశాను. వాళ్లను తప్పు పట్టలేం.

యూట్ చరిత్ర క్లుప్తంగా: 1932లో గిప్స్‌లాండ్ రైతు భార్య ఒకామె, ఆదివారం చర్చికీ సోమవారం పందులను సంతకు తోలడానికీ పనికొచ్చే బండి కావాలని ఫోర్డ్‌కు ఉత్తరం రాసిందట. జీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బ్యాంట్ అనే యువ డిజైనర్ గీసిన బండి 1934లో బయటికొచ్చింది. 1951లో హోల్డెన్ అందుకుంది. 2016, 17 నాటికి అక్కడి తయారీ ముగిసింది. ఇప్పుడు రోడ్ల మీద కనిపించే హైలక్స్, రేంజర్, డీ-మ్యాక్స్, ట్రైటన్‌లు ఎక్కువగా థాయ్‌లాండ్ నుంచి వచ్చేవే.

నట్టు బిగించే వేళ

ఆ రోజు వర్క్‌షాపులో ఎక్కువసేపు చూసింది వెనక కమాన్లు మార్చే పని. పాత యు బోల్టులు విప్పి పక్కన పారేశారు. ఒకసారి సాగిన యు బోల్టు మళ్లీ పనికిరాదు, కొత్తవే వేయాలి. కొత్త కమాన్ కట్ట ఎక్కించి, చివర్ల బుష్షుల్లోంచి బోల్టులు దూర్చి, నట్లు చేత్తో తిరిగినంత మేర తిప్పి వదిలేశాడు కుర్ర మెకానిక్. పానా పట్టలేదు. ఎందుకని అడిగితే, బండి కిందకు దిగాక చెబుతానన్నాడు. చక్రాలు తగిలించి, బండిని నేల మీదకు దించి, వెనక ఎక్కి రెండుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచితో కిందికి దూరాడు. గాలిలో వేలాడుతున్నప్పుడే బిగిస్తే, బండి బరువు పడగానే లోపలి రబ్బరు బుష్షు తడిబట్ట పిండినట్టు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొన్ని వేల కిలోమీటర్లకే చిరిగి కిర్రుమంటుంది. ముందు సస్పెన్షన్ చేతుల (కంట్రోల్ ఆర్మ్‌ల) బోల్టులదీ ఇదే సూత్రం. సొంతంగా పెరట్లో లిఫ్ట్ వేసుకునేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ ఒక్క మెట్టునే.

ముందు స్ట్రట్ పని మాత్రం పెరట్లో చేయొద్దు. నొక్కి పట్టిన కాయిల్ స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది. పైగా ముందు భాగం లేచిన కొద్దీ చక్రం వంపు మారుతుంది, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మందగిస్తుంది, హైవేలో బండి అటూ ఇటూ తిరుగుతుంది. అలైన్‌మెంట్‌తో సరికాకపోతే పై చేతులు మార్చాలి. యాక్సిల్ కీళ్ల కోణం పెరిగి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి కూడా. స్ప్రింగు మార్చకుండా పైన దిమ్మె పెట్టి ఎత్తు చూపించే చవక కిట్ల జోలికి పోవద్దు. చక్రం పైకీ కిందకీ ఆడే దూరం కంపెనీ ఇచ్చిన దానిలో కనీసం మూడింట రెండు వంతులు మిగలాలన్నది నియమం, దిమ్మెలు మొదట తినేసేది దాన్నే.

బాక్స్: బరువు సంగతి

గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన బండి మోయదగిన చట్టబద్ధమైన బరువు పెరగదు. ఇనుప బుల్‌బార్, విన్చ్, పైన టెంటు, వెనక డబ్బా అన్నీ కలిపి, మనుషులతో సహా కంపెనీ రాసిన మొత్తం బరువు లోపలే ఉండాలి. ఆ అంకె పెంచాలంటే విడిగా ధ్రువీకరణ కావాలి. ప్రయాణానికి సర్దుకున్నాక ఒక్కసారి వేబ్రిడ్జి ఎక్కించి చూడండి.

బాక్స్: మన దగ్గర?

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. హైలక్స్ కూడా 2022లో దేశానికి వచ్చింది. ఇక్కడా లిఫ్టుల సరదా మొదలైంది. అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్సీ తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ హైకోర్టు తీర్పును తోసిపుచ్చుతూ ఈ సంగతే స్పష్టం చేసింది. ఆస్ట్రేలియాలో ఉన్నట్టు ‘ఇంతవరకు పర్వాలేదు’ అనే మిల్లీమీటర్ల లెక్క మనకూ ఒకటి ఉంటే బాగుంటుంది. అది వచ్చేదాకా ఆర్టీవో కార్యాలయంలో అడక్కుండా చేతులు పెట్టొద్దు.

నరసరావుపేట కుర్రాడు చివరికి 40 మిల్లీమీటర్ల లిఫ్ట్‌కు, 265/70ఆర్17 టైర్లకు ఒప్పుకున్నాడు, ఐదు టైర్లకు. మీరు 33లే వేయాలనుకుంటే టైర్లు కొన్నాక కాదు, కొనకముందే ధ్రువీకరించే ఇంజనీరును కలవండి. పని అయ్యాక హెడ్‌లైట్లు కిందకు సరిచేయించండి, ఎదుటివాడి కళ్లలో పడకుండా. వారం పది రోజులు తిరిగాక యు బోల్టులు మళ్లీ బిగింపించండి. బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు నకలు బండిలోనే పెట్టుకోండి.