లాభం వేరు, చేతిలోని నగదు వేరు

లెక్కల పుస్తకంలో లాభం కనిపిస్తుండగానే గల్లాపెట్టె ఖాళీ కావచ్చు. ఇందులో వింతేమీ లేదు. సరుకు అమ్మిన నాడే అమ్మకాన్ని ఆదాయంగా రాయడం గణకశాస్త్ర నియమం. కాని డబ్బు ఆనాడే చేతికి రావాలనే నియమం లేదు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఎడాన్ని చూపించేదే నగదు ప్రవాహ విశ్లేషణ.

చింతలపూడి, నూజివీడు ప్రాంతాల మామిడి సేద్యం దీనికి చక్కని ఉదాహరణ. ఇక్కడ ఖర్చులు పూతకు ముందే మొదలవుతాయి. దుక్కి, ఎరువులు, పురుగుమందులు, కాపలా అన్నీ నగదు మీదనే నడవాలి. కాయ అమ్ముడయ్యేది వేసవిలో. అదీ కొంత నగదుకు, కొంత అరువుకు.

సొంత తోట గల ఒక రైతును ఊహించుకుందాం. డిసెంబరులో అతని వద్ద 2,00,000 రూపాయలున్నాయి. జూన్‌లో తీర్చే షరతుపై వడ్డీ లేకుండా 2,50,000 చేబదులు తెచ్చుకున్నాడు. మార్చి ఆఖరుకు తోటపై 4,00,000 ఖర్చయింది. కోత కూలీ, లారీ కిరాయికి మరో 1,50,000 అయింది. కాయలు మొత్తం 7,00,000కు అమ్ముడయ్యాయి. అందులో 3,00,000 చేతికి వచ్చింది. మిగిలిన 4,00,000 సెప్టెంబరులో ఇస్తామని కొన్నవారు చెప్పారు.

పుస్తకం ప్రకారం లాభం 1,50,000. అయితే జూన్ నాటికి అతని చేతిలో ఉన్నది 2,00,000 మాత్రమే. తీర్చవలసిన అప్పు 2,50,000. లాభం గడించిన రైతే మాట తప్పవలసిన స్థితిలో పడ్డాడు! లాభం 1,50,000 నుంచి రావలసిన బాకీ 4,00,000 తీసివేస్తే, సేద్యం వల్ల నగదు పెరగకపోగా 2,50,000 తగ్గిందని తేలుతుంది. ఆ లోటును పూడ్చింది అప్పే.

నగదు ప్రవాహ నివేదికలో మూడు భాగాలుంటాయి. మొదటిది నిర్వహణ: అమ్మకాల రాబడి, కూలీ, ఎరువుల వంటి రోజువారీ ఖర్చులు. రెండవది పెట్టుబడి: భూమి, మోటారు, వాహనం కొనడం, అమ్మడం. మోటారు వెల ఒక్కసారిగా ఇక్కడ కనిపిస్తుంది. లాభనష్టాల ఖాతాలో మాత్రం ఏటేటా తరుగుదలగా చేరుతుంది. మూడవది విత్తం: యజమాని పెట్టిన మూలధనం, తెచ్చిన అప్పు, తీర్చిన అప్పు. మొదటి భాగంలో ఏళ్ల తరబడి లోటు కనిపిస్తూ మూడవ భాగం దానిని భర్తీ చేస్తున్నదంటే, ఆ వ్యాపారం అప్పు మీద బ్రతుకుతున్నదని అర్థం.

అమెరికాలో డబ్ల్యు. టి. గ్రాంట్ అనే పెద్ద దుకాణాల సంస్థ 1975లో దివాలా తీసింది. అంతకుముందు సంవత్సరాలలో అది లాభాలు చూపింది, వాటాదారులకు డివిడెండ్లు పంచింది; కాని అరువు అమ్మకాలు పేరుకుపోయి నిర్వహణ నుంచి నగదు రాలేదు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1981లో వెలువరించిన మూడవ గణక ప్రమాణాన్ని 1997లో సవరించి, నగదు ప్రవాహ నివేదికగా రూపొందించింది. 2013 కంపెనీల చట్టం చిన్న కంపెనీల వంటి కొన్నింటిని మినహాయించి, దీనిని ఆర్థిక నివేదికలలో భాగం చేసింది.

రైతుకు చట్టం ఈ నిర్బంధం పెట్టలేదు. అయినా అతనికి దీని అవసరం తక్కువేమీ కాదు. పూత నెలల్లో డబ్బు కరువైనప్పుడే కాపును ముందుగా తక్కువ ధరకు అప్పగించే అవసరం తోసుకొస్తుంది. పండు పక్వత తేటపడక ముందు దానిని అమ్మడాన్ని దైవప్రవక్త (స) వారించారు. రాబోయే కాపు దక్కుతుందో లేదో తెలియని స్థితిలో జరిగే బేరం ఒకరికి నష్టం, ఇద్దరికీ తగాదా. నెలవారీగా రాకపోకలను ముందే రాసుకున్నవాడు ఆ లోటును నవంబరులోనే గుర్తిస్తాడు. కర్జె హసన్ కోసమో, ఖర్చు తగ్గించుకోవడం కోసమో అతనికి వ్యవధి దొరుకుతుంది. అప్పు గడువును కూడా డబ్బు వచ్చే సెప్టెంబరుకే కుదుర్చుకోగలడు.

గడువుతో కూడిన అప్పును రాసిపెట్టుకోవాలని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని 282వ ఆయతు ఆదేశిస్తున్నది. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వాలని 280వ ఆయతు చెబుతున్నది. స్తోమత ఉండీ బాకీని జాప్యం చేయడాన్ని హదీసు అన్యాయంగా పరిగణించింది. కాబట్టి కాయ కొని వాయిదా వేస్తున్న వర్తకుడు ఒక విషయం గ్రహించాలి: అతడు ఆపిన డబ్బు రైతు పుస్తకంలో లాభంగానే ఉంటుంది, అయితే ఆ లాభంతో రైతు తన అప్పు తీర్చలేడు.